నల్ల గౌను, తెల్ల ఒడి

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా నెట్ సెంటరు నుంచి ఒక కాగితం తెచ్చి నా కుట్టు మిషను మీద పెట్టింది. కాగితం నిండా ఒక నల్ల గౌను. మెడకు తెల్ల కాలరు, చేతులకు తెల్ల పట్టీలు, నడుము నుంచి మోకాళ్ల దాకా ముందు వేలాడే తెల్ల గుడ్డ, దాని అంచు చుట్టూ కుచ్చులు.

"ఇదేం యూనిఫారమే?" అన్నాను.

"యూనిఫారం కాదమ్మా, మెయిడ్ స్టైల్. ఫారిన్‌లో పెద్ద పెద్ద ఇళ్లల్లో పనిమనుషులు వేసుకునేవాళ్లంట. ఇప్పుడు ఫ్యాషన్. నేను రోజూ వేసుకుంటా."

'రోజూ' అన్న మాట దగ్గర నా కాలు పెడలు మీద నుంచి జారింది. కాలేజీ వార్షికోత్సవంలో ఒక పూట వేషం కట్టి తీసేస్తానని అంటే ఓర్చుకునేదాన్ని. కానీ దాని దగ్గర పెద్ద శాస్త్రమే ఉంది. అన్నీ ఒకేసారి తగిలిస్తే నాటకం కంపెనీ అట, ఒక్కొక్కటే వేస్తే ఫ్యాషనట. ఒకరోజు నీలం చుడీదారు మీద తెల్ల కాలరు మాత్రమే. ఇంకోరోజు నల్ల గౌను, కింద కాన్వాసు బూట్లు. ఆదివారం పాత జీన్స్ మీద ముందు గుడ్డ. తల మీద టోపీ ససేమిరా వద్దు, రెండు జడలు చాలు. గౌను కింద నల్ల ప్యాంటు నేను పెట్టిన షరతు. మా వీధి ఇంకా అంత ఎదగలేదు, వీధి సంగతి దేవుడెరుగు, నేనూ ఎదగలేదు. ముందు గుడ్డకు పెద్ద జేబు దాని షరతు, బస్ పాసూ దువ్వెనా పెట్టుకోవడానికి.

కుట్టింది నేను, తిట్టిందీ నేనే. ఒక కుట్టూ ఒక తిట్టూ పడుతూ గౌను తయారైంది. కుచ్చులు దానికి, గుచ్చుకున్న సూదులు నాకు.

కుట్టడం ఒక ఎత్తు, ఉతకడం ఇంకో ఎత్తు. అనంతపురంలో తెలుపు అనేది రంగు కాదు, పొద్దున ఎనిమిదింటి దాకా ఉండే ఆశ. ఆ తర్వాత గాలి లేస్తుంది, ఎర్రమన్ను లేస్తుంది. కొళాయి నీళ్లు రోజు మార్చి రోజు. తాగడానికి పట్టుకున్నాక మిగిలినవి వంటకు, వంటకు పోగా మిగిలినవి మొక్కకు, ఆ మొక్కకు దక్కాల్సినవి ఇప్పుడు మా అమ్మాయి కుచ్చులకు.

మా ఇంట్లో పనిచేసే ఆమె ఆ గుడ్డను తీగ మీద ఆరేస్తూ చాలాసేపు చూసింది. "ఇదేందక్కా? పనిమనిషి గుడ్డలంటాంది పాప. నేనెప్పుడన్నా ఇట్లా కుచ్చులేసుకోని వచ్చినానా మీ ఇంటికి?"

నిజమే. ఆమె కట్టుకునేవి నా చీరలు. నేను ఏడాది కట్టి ఇచ్చిన దానికి గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి, నాకంటే బాగా కట్టుకుని వస్తుంది. గ్యాస్ సిలిండరు తెచ్చిన మనిషి ఒకసారి ఆమెను "అమ్మా, సంతకం పెట్టండి" అని అడిగి, నన్ను "పక్కకు జరుగమ్మా" అన్నాడు.

మా అమ్మాయి పెరిగింది ఆమె చంకలోనే. పొద్దున నేను బడికి పోతే మళ్లీ సాయంత్రమే కదా ఇంటి మొహం చూసేది. ఆ రోజుల్లో మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, ఒక పెళ్లి భోజనాల బంతిలో అందరూ వినేట్టు అన్నది: "మా తమ్ముని బిడ్డను పనిమనిషి సాకుతాంది. తల్లేమో ఊరోళ్ల పిల్లోళ్లకు పాఠాలు చెప్పను పోతాంది." నాకు జవాబులన్నీ బస్సెక్కాక దొరికాయి, ఎప్పటిలాగే. ఆ తర్వాత ఆ మాట ఊరి చుట్టాలందరి నోళ్లలోనూ నానింది.

ఇప్పుడు అదే ఆడబిడ్డ ఇంట్లో ఒడిబియ్యం. కొత్తగా పెళ్లైన వాళ్ల కూతురికి ఒడిలో బియ్యం, కొబ్బరి, పసుపూ కుంకుమా పోసి అత్తగారింటికి సాగనంపే వేడుక. ఊరు గార్లదిన్నె పక్క పల్లె. నాకు కావలసింది ఒక్కటే. మేము తిరుగు బస్సెక్కేదాకా మా ఆడబిడ్డ చెవిలో 'పనిమనిషి' అన్న మాట పడకూడదు.

పావడా ఓణీ వేసుకుంటానని మా అమ్మాయి మాటిచ్చింది. పొద్దున గదిలోంచి వచ్చింది చూద్దును కదా, గౌను, కాలరు, పట్టీలు, ముందు గుడ్డ, అన్నీ ఒకేసారి. దాని శాస్త్రం ప్రకారమే నాటకం కంపెనీ.

"ఓణీ ఇస్త్రీ చేద్దామంటే కరెంటు లేదమ్మా."

మా ఆయన గడియారాన్ని చూశాడు, నన్ను చూశాడు, చూడాల్సినదాన్ని మాత్రం చూడకుండా "బస్సు పోతాది" అన్నాడు.

బస్సులో దాని చెవిలో చెప్పాను. "ఎవరన్నా అడిగితే కాలేజీ డ్రెస్ అను."

"అబద్ధం ఎందుకమ్మా?"

"కాలేజీకి వేసుకుంటావు కదా. అబద్ధమెట్లయితాది?" నేను సోషల్ టీచర్ని. చరిత్రను కాస్త అటూ ఇటూ జరపడం నాకు రాని విద్యేం కాదు.

అవి శనక్కాయలు పెరికే రోజులు. ఊరి మొదట్లోనే కళ్లంలో ఆడవాళ్లు కూర్చుని చెట్ల నుంచి కాయలు కోస్తున్నారు. మా వైపు కాయ కోసినా, పత్తి తీసినా, ఆడవాళ్లు కొంగు ముందుకు దోపి ఒడి కట్టుకుంటారు. నడుము ముందు ఖాళీ ఉన్న గుడ్డ వేలాడితే అది ఒడి కాక మరేమిటి?

"ఏమే పాపా, ఒడి కట్టుకోనే వచ్చినావే! రా, పట్టు," అంటూ ఒక అవ్వ రెండు దోసిళ్ల పచ్చి కాయలు జేబులో పోసింది. పక్కనామె ఇంకో దోసిలి. కొంచెం ముందుకు పోతే ఒక ఇంటి అరుగు మీది ఆమె, "ఉత్త కాయలేం తింటావు?" అని బెల్లం గడ్డ వేసింది. ఇంకొకామె నాలుగు వంకాయలు వేసింది. అవ్వతో సహా పోసినవాళ్లు కొందరు ఒడిబియ్యం చూడ్డానికి మా వెంటే నడిచారు. మా ఆడబిడ్డ ఇల్లు చేరేసరికి పెళ్లి కాని నా కూతురి ముందు భాగం చూసి నాకే భయమేసింది.

అయినా లోలోపల సంతోషించాను. ఒడి అనుకుంటున్నారు, అనుకోనీ.

మా ఆడబిడ్డ గడప మీదే ఆపింది. "శుభమా అని పిలిస్తే నల్ల గుడ్డలేందే? ఆ ఒడేంది? పెండ్లి గాని పిల్లకు ఎవురు నింపినారు? ఈ పొద్దు ఒడిబియ్యం నా కూతురికా, దీనికా?"

మా వెంటే వచ్చిన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నాకేం తెలుసమ్మా, కట్టుకోనొచ్చింది, పోసినా," అంది అవ్వ. వంకాయలామె జేబులో చెయ్యి పెట్టి తన వంకాయలు తాను మెల్లగా తీసుకోబోయింది.

"ఒడి కాదు వదినా, ఇది కాలేజీ..." అని నేను మొదలుపెట్టాను. ఆ ఆడవాళ్లు తిట్లు తింటున్నారని మా అమ్మాయికి జాలి పుట్టినట్టుంది. నాకంటే ముందే అందుకుంది.

"వాళ్లనేమీ అనొద్దత్తా. ఇది ఒడి కాదు. పనిమనుషులు వేసుకునే డ్రెస్. మా అమ్మతో చెప్పి కుట్టించుకున్నా."

గౌను నల్లనిది. తెల్లబోయింది నేను. ఒడి దానిది, ఓడింది నేను.

మా ఆడబిడ్డ తొందరపడలేదు. కొంగు సర్దుకుని, వెనకున్న చుట్టాలను ఒకసారి చూసి, అప్పుడు అన్నది. "పనిమనిషి సాకితే పనిమనిషి గుడ్డలే వస్తాయి. ఆ పొద్దే చెప్పినా నేను."

మా అమ్మాయి నా వైపు తిరిగింది. ఆ మాట అది వినడం అదే మొదటిసారి.

ఇన్నేళ్లుగా బస్సుల్లో కూడబెట్టుకున్న జవాబుల్లో ఒక్కటీ సమయానికి రాలేదు. వేరేదేదో వచ్చింది, అది కూడా క్లాసు చివరి బెంచీ దాకా వినపడే గొంతుతో. "అవును వదినా, ఆమే సాకింది. ఆమె సాకితేనే నేను పాఠాలు చెప్పగలిగినా. బాగానే సాకింది, అబద్ధం చెప్పమంటే చెప్పలేదు చూడు ఈ పిల్ల. దానికి ఆ గుడ్డలంటే ఇష్టం, ఏసుకుంటాది. నలుపంటావా, ఒడిబియ్యం దగ్గరికి ఈ పిల్ల రాదులే."

మా ఆయనకు ఆ క్షణంలోనే షామియానా తాళ్ల మీద ఎక్కడ లేని శ్రద్ధ పుట్టింది.

మా ఆడబిడ్డ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత మా అమ్మాయితో, "సరేలే, గడపలో తగువెందుకు? ఆ గుడ్డకు పని చేసే యోగం ఉండాదేమో చూస్తాం. పో, బంతికి నీళ్లు పొయ్యి," అంది.

అది పోసింది. మధ్యాహ్నమంతా చెంబు పట్టుకుని బంతి వెంట తిరిగింది. "పాపా, ఈడ ఉప్పు," "పాపా, ఆడ మజ్జిగ" అని అందరూ పిలవడమే. చెయ్యి కడుక్కుని పోతూ పోతూ మా ఆడబిడ్డ దాని ముందు గుడ్డకే తడి తుడుచుకుంది. అది ప్రేమో పగో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

తిరుగు బస్సులో చూస్తే ఆ గుడ్డ మీద ఎర్రమన్ను, పసుపు, చారు, వంకాయ మరకలు. మా అమ్మాయి దాన్ని విప్పి చుట్టచుట్టి నా ఒళ్లో పడేసింది.

"ఇంక దీన్ని వెయ్యనమ్మా."

"ఏమైందే?"

"అందరూ నిజంగానే పని చెప్తాండారు."

అంతమంది ముందు దీని కోసం నేను గొంతు చించుకున్నాను. కోటను కాపాడి వెనక్కి తిరిగి చూస్తే రాజుగారు మూటా ముల్లే సర్దుకుని పోయారు. వచ్చే వారం నుంచి మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్స్ అట. కుట్టడానికి నేను, చింపడానికి అది.

మరుసటి రోజు నీళ్లు వచ్చాయి. పనిచేసే ఆమె ఆ గుడ్డను నానబెట్టి రుద్దుతుంటే పక్కన పీట వేసుకుని జరిగిందంతా చెప్పాను. నువ్వే సాకినావని, బాగా సాకినావని అందరి ముందూ అన్నానని, కొంచెం గొప్పగానే చెప్పాను.

ఆమె గుడ్డ పిండి, ఎండకెత్తి చూసింది. పసుపు మరక పోలేదు.

"నేను సాకింటే అక్కా," అంది, "ఇట్లాంటి గుడ్డలు ఎయ్యనిస్తానా?"