శీర్షికాసురుడి రెండు వరుసలు

శీర్షికాసురుడికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఏ వస్తువు కనిపించినా, ఏ మాట వినిపించినా, "దీన్ని ఎవరు వెతుకుతారు? ఏమని వెతుకుతారు?" అని అడగకుండా ఉండలేడు.

ఆయన ఒక పెద్ద ఆసుపత్రి వెబ్‌సైటుకు ఎడిటరు. మందుల దుకాణానికీ ఎక్స్‌రే గదికీ మధ్య ఇరుక్కున్న గదిలో కూర్చుని, జబ్బుల గురించి జనానికి చెప్పే పేజీలను సరిదిద్దుతుంటాడు. ఆయన చేతిలో పడి ప్రాణాలతో బయటపడ్డ శీర్షిక లేదు గనుక ఆసుపత్రివాళ్లు ఆ బిరుదు ఇచ్చారు. దాన్నీ ఆయన వదల్లేదు. "బాగానే ఉంది గానీ, కొత్తగా వచ్చినవాడికి నేనేం చేస్తానో ఏం తెలుస్తుంది? ‘శీర్షికలు మార్చే అసురుడు, మొదటి అంతస్తు’ అనండి" అన్నాడు.

ఈ పిచ్చి ఆఫీసుతో ఆగలేదని ఆయన తమ్ముడి కూతురికి చిన్నప్పటి నుంచీ తెలుసు. పెదనాన్న ఇంట్లో ఉప్పు డబ్బా మీద ‘ఉప్పు’ అని ఉండదు. ‘పంచదార అనుకుని కాఫీలో వెయ్యకూడని ఉప్పు’ అని ఉంటుంది. గోడకున్న పెళ్లి ఫోటో కింద ఒక చీటీ: ‘కుడివైపు మూతి ముడుచుకున్న పెళ్లికూతురు. ఎడమవైపు ఆమెను నవ్వించడానికి తంటాలు పడుతున్న పెళ్లికొడుకు.’

"ఫోటో కనిపిస్తూనే ఉందిగా, మళ్లీ ఈ చీటీ దేనికండీ?" అంది పెద్దమ్మ.

"చూపు లేనివాళ్లకి ఫోన్ చదివి వినిపించడానికి మా పేజీల్లో ప్రతి బొమ్మ వెనకా ఇలాగే రాస్తామే!"

"మనింట్లో అందరికీ చూపుంది. పైగా గోడ చదివి వినిపించదు."

"ఇవాళ వినిపించదు" అన్నాడాయన, గోడ మీద ఆశ వదులుకోకుండా.

కథ చెప్పినా ఇదే వరస. "మీ తాతయ్య అలిగి రైలు దిగిపోయాడు. ఎందుకు అలిగాడో వివరంగా తెలుసుకోవాలంటే వంటింట్లో మీ పెద్దమ్మని కలువు" అనేవాడు. ఎక్కడి సంగతి అక్కడ లింకు పెట్టకపోతే ఆయనకు ఊపిరాడదు.

అలాంటి మనిషి గదిలోకే ఆ తమ్ముడి కూతురు, ఆ అమ్మాయే, ఉద్యోగానికి చేరింది. ఆమెకు కవిత్వం అంటే ప్రాణం. పిల్లలకు కాలిన గాయాల గురించి మొదటి పేజీ రాసి, దానికి ‘అగ్నిశిఖల అంచున ఒక చిట్టి చేయి’ అని పేరు పెట్టి, మురిసిపోతూ పెదనాన్న ముందుంచింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఎవరు వెతుకుతారమ్మా దీన్ని?"

"కాలిన పిల్లల తల్లులు."

"ఏమని వెతుకుతారు? పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఏ తల్లి కూర్చుని ‘అగ్నిశిఖ’ అని టైపు చేస్తుంది? ఆ ‘గ్ని’ కొట్టేసరికి పిల్లకి పెళ్లీడొస్తుంది!"

పేరు మారింది: ‘పిల్లల చెయ్యి కాలితే వెంటనే ఏం చేయాలి?’

అమ్మాయికి పౌరుషం వచ్చింది. జనం వెతికే మాటే కావాలంటే అదే ఇస్తానని, మర్నాడు జ్వరం పేజీలో వాక్యానికి రెండుసార్లు జ్వరం దట్టించి తెచ్చింది. పెదనాన్న పైకి చదివాడు: "పిల్లలకు జ్వరం వస్తే జ్వరం పోవడానికి జ్వరం గురించి తెలిసిన జ్వరం డాక్టరుకు..." ఆపి, నుదురు పట్టుకుని చూసుకున్నాడు. "నాకూ వచ్చిందమ్మా. మాట అవసరమున్న చోటే ఉండాలి. ఒకే మాట నూరుసార్లు అంటే మనిషీ నమ్మడు, వెతికిపెట్టే యంత్రమూ నమ్మదు."

అలా తిట్లు తింటూనే అమ్మాయి పని నేర్చుకుంది. పెద్ద వ్యాసాన్ని ఉపశీర్షికలుగా విడగొట్టడం, అడిగిన ప్రశ్నకు మొదటి పేరాలోనే జవాబివ్వడం చేతికొచ్చాయి. కొన్నాళ్లకే కాలిన గాయాల పేజీ వెతుకులాట ఫలితాల్లో అన్నిటికంటే పైకి ఎక్కి కూర్చుంది. అమ్మాయి కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

కానీ ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ గారు గ్రాఫు పట్టుకుని వచ్చారు. "అన్నిటికంటే పైన కనిపిస్తున్నాం, బాగుంది. కానీ చూసినవాళ్లలో చాలామంది నొక్కి లోపలికి రావడం లేదు. ఈ నెలాఖరుకి క్లిక్కులు పెరగకపోతే యాజమాన్యం వెబ్‌సైటు పని బయటి కంపెనీకి ఇచ్చేస్తుందట. అప్పుడు ఈ గదీ ఉండదు, మీ ఇద్దరూ ఉండరు."

తప్పు ఎక్కడుందో ఆవిడే చూపించారు. ఫలితాల్లో శీర్షిక కింద సన్నటి అక్షరాలతో రెండు వరుసలు కనిపిస్తాయి. అందరూ అక్కడ ఊరించే మాటలు రాస్తారు. మన అసురుడు మాత్రం ఇలా రాశాడు: ‘కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు ఉంచండి. ఐసు, టూత్‌పేస్టు వద్దు. ఆసుపత్రికి తీసుకురండి. భయపడకండి.’

"మొత్తం గుమ్మంలోనే చెప్పేస్తే లోపలికి ఎవరొస్తారండీ? ‘డాక్టర్లు చెప్పని రహస్యం’ అని ఏదైనా పెట్టండి."

"మనమే డాక్టర్లం కదండీ. మనం చెప్పని రహస్యం మన దగ్గరెందుకుంటుంది?"

ఆవిడ తల పట్టుకుని వెళ్లిపోయారు. అమ్మాయి బతిమాలింది. "రెండు వరుసలే కదా పెదనాన్నా! మార్చేద్దాం. లోకంలో అన్నీ మారుస్తావు, ఇదొక్కటి మార్చవా?"

శీర్షికాసురుడు మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. "ఒక చంకలో పిల్ల, ఇంకో చేతిలో ఫోను. సిగ్నలు ఉండీ లేనట్టు. పేజీ తెరుచుకునే దాకా నీళ్లు పొయ్యకుండా నిలబడమంటావా ఆ తల్లిని? ఆమెకి అందేది ఆ రెండు వరుసలేనమ్మా. అవి ఊరించడానికి కాదు."

ఇన్నాళ్లూ ఆయన పోరంతా మాటల కోసం అనుకుంది అమ్మాయి. ఆ మాటలకు అటువైపు ఫోను పట్టుకున్న చెయ్యి ఒకటి ఆయనకు ఎప్పుడూ కనిపిస్తూనే ఉందని ఇప్పుడు అర్థమైంది. కుర్చీ లాక్కుని, తన మిగతా పేజీలన్నిటికీ అలాంటి వరుసలే రాయడం మొదలుపెట్టింది. ఉద్యోగం పోతే ఇద్దరికీ కలిసే పోతుంది.

నెలాఖరు దగ్గరపడుతుండగా ఒక ఉదయం పెద్ద డాక్టరమ్మ గారే ఒక తల్లినీ పాపనూ వెంటబెట్టుకుని గదికి వచ్చారు. పాప చేతికి చిన్న కట్టు ఉంది. నోట్లో బిస్కెట్టు ఉంది.

"వేడి టీ ఒలికిందండీ" అంది తల్లి. "మీ పేజీ తెరుచుకోలేదు, గుండ్రంగా తిరుగుతూనే ఉంది. కానీ పేజీ పేరు కింద రాసింది కనిపించింది. మా అత్తయ్య టూత్‌పేస్టు మూత కూడా తీసేసింది. ‘వద్దత్తయ్యా, డాక్టర్లు వద్దన్నారు’ అని పాపని కుళాయి కింద పెట్టేశాను."

"మచ్చ కూడా మిగలదు" అన్నారు డాక్టరమ్మ గారు.

శీర్షికాసురుడు ఉన్నచోటే గెంతాడు. "పేజీ తెరుచుకోలేదా? అసలు తెరుచుకోనే లేదా? అబ్బ, ఎంత మంచి కబురు చెప్పారమ్మా!"

వెబ్‌సైటు తెరుచుకోలేదంటే ఇంత సంబరపడే ఎడిటరును ఆ తల్లి ఎక్కడా చూసి ఉండదు.

నెలాఖరు మీటింగులో పెద్ద డాక్టరమ్మ గారు లేచి నిలబడ్డారు. క్లిక్కులు ఇంకా తగ్గాయని చెప్పారు. అప్పుడావిడ, గాయానికి టూత్‌పేస్టు పూసుకుని వచ్చే పిల్లలు కూడా బాగా తగ్గారని కాలిన గాయాల వార్డు నర్సు చెప్పిన మాట వినిపించారు. బయటి కంపెనీ ఊసు ఇక ఎత్తొద్దని యాజమాన్యాన్ని ఒప్పించానన్నారు. ప్రతి పేజీకీ ఆ రెండు వరుసల్లో జవాబే ఉండాలన్నారు. చప్పట్లతో గది దద్దరిల్లింది. పెదనాన్న భుజం పట్టుకుని అమ్మాయి ఊపేసింది. ఎవరో కేకు తెప్పించారు.

ఆలస్యంగా వచ్చిన అకౌంట్సు ఆఫీసరు ప్లేటు అందుకుంటూ, "ఏమిటండీ విశేషం?" అని అడిగాడు.

"మన క్లిక్కులు తగ్గాయండీ!" అంది అమ్మాయి, మొహం వెలిగిపోతుండగా.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "వచ్చే నెల ఇంకా తగ్గాలని కోరుకుంటున్నాను" అంటూ రెండో ముక్క కూడా తీసుకున్నాడు.