నా చేతి మీద సావిత్రి గీత

నేను నారాయణఖేడ్‌లో తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో మా ఖోఖో జట్టుకు ప్రాణం సావిత్రి. ఎంతమందిని ఔట్ చేస్తే అన్ని గీతలు పెన్నుతో ముంజేతి మీద గీసుకునేది. అవి చెరిగిపోతాయని స్నానం చేసేటప్పుడు ఆ చెయ్యి పైకెత్తి పట్టుకునేదట! వాళ్ళమ్మే చెప్పి నవ్వేది.

కల్హేర్ అమ్మాయిలతో ఫైనల్. ఇంకొక్కరు ఔటైతే గెలుస్తాం. వాళ్ళ పిల్లేమో వరసగా కూర్చున్న మా మధ్యలోంచి అవతలికి దూరిపోతోంది. తరిమేవాళ్ళు మధ్య గీత దాటకూడదు కాబట్టి సావిత్రి ప్రతిసారీ చివరి స్తంభం చుట్టూ తిరిగొస్తూ రొప్పుతోంది. అయినా కూర్చున్న ఎవరికీ ఖో ఇచ్చి తరమనివ్వదు.

“ఒక్కదానివే ఎంతసేపు ఉరుకుతవే? అనితకు ఖో ఇయ్యి!” అని పీఈటీ మేడం అరిచింది.

అనితను నేనే. జట్టులో అందరికన్నా నెమ్మది. ఆ పిల్ల సరిగ్గా నా ముందుకే వచ్చింది. సావిత్రి నా వీపు మీద చరిచి “ఖో!” అంది. లేవబోయి, నా వదులు ప్యాంటు నేనే తొక్కుకుని బోర్లా పడ్డాను. చాచిన చెయ్యి ఆ పిల్ల మడమకు తగిలింది. విజిల్!

గెలిచాం. కానీ అందరూ నన్ను చూసి నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చేసింది. సావిత్రి పెన్ను తెచ్చి, నా చేతి మట్టి తుడిచి, ఒక గీత గీసింది.

“ఏడుస్తవేందే? గిది నీది.”

ఆ సాయంత్రం స్నానం చేసేటప్పుడు నేనూ ఒక చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను.

ఇప్పటికీ బస్టాండులో నేను కూర్చుని కనిపిస్తే సావిత్రి వెనక నుంచి వచ్చి వీపు మీద చరుస్తుంది. ఒళ్ళో ఏమున్నా సరే, లేచి నిలబడతాను.

– అనిత, నారాయణఖేడ్