చాచా ఇంటి మీద రాయి

మొన్న పొద్దున కొత్తకోటలో లారీ టైరు విప్పుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "చాచా పోయిండురా" అంది.  పెట్టేసే ముందు, "తుఫాను వస్తదంట. వాన మొదలుగాక ముందే రా" అంది.

చాచా అంటే మా పక్కింటాయన. రాజోలి దగ్గర మా ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లకు రేకులు బిగించేవాడు. నెల రోజులుగా ఆయాసంతో గద్వాల దవాఖానకు తిరుగుతున్నాడు. ఆయన గురించి మా ఊళ్లో ఒక తమాషా మాట ఉంది. రేకుల మీద రాళ్లు పెట్టొద్దని అందరికీ చెప్పే మనిషి, తన ఇంటి మీద తానే రాయి పెట్టుకుని కాలు విరగ్గొట్టుకున్నాడని. ఆ మాట అబద్ధం. ఆ రాయి పెట్టింది నేను. మొన్నటి దాకా, మూడేళ్లు, ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు ఆయన లేడు కాబట్టి ఇది రాస్తున్నాను.

మా వైపు రేకుల ఇళ్లన్నిటి మీదా రాళ్లు కనిపిస్తాయి. గాలి దుమారానికి రేకు లేచిపోకుండా మోయగలిగినంత రాయి ఎక్కించి వదిలేస్తారు. చాచాకు అది చూస్తేనే ఒళ్లు మంట.

"రాయి ఎవని మాట ఇనదు బేటా. రేకు జర లేస్తె దొర్లుతది. కింద ఎవరున్నరో దానికి తెల్వదు."

ఆయన పద్ధతి వేరు. ఖాళీ యూరియా సంచుల్లో తుంగభద్ర ఇసుక నింపి, రెండు సంచుల మూతులు ఒకే తాడుతో కట్టి, కప్పుకు అటొకటి ఇటొకటి వేలాడేసేవాడు. సంచి ముప్పావు వంతే నింపాలి. నిండా నింపితే పగులుతుంది, సగమే నింపితే గాలికి ఊగుతుంది. ముడి మాత్రం ఎవరినీ వేయనిచ్చేవాడు కాదు.

వానాకాలం వస్తే ఆయన ఇల్లే ఒక ఆఫీసు. అగ్గిపెట్టె కవరులో చుట్టి బియ్యం డబ్బాలో దాచేవాడు. కరెంటు పోతే బోరు నడవదని భార్య చేత, అంటే మా చాచీ చేత, బిందెలన్నీ నింపించేవాడు. మేకలను గోడ పక్క నుంచి విప్పి నడవలో కట్టేవాడు. తర్వాత ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు.

"తొమ్మిది జమాతులు సదివినవ్ గద. ఈ తుఫాను యాడిదాంక వచ్చిందో సదువు."

"తొమ్మిది పూర్తిగ సదవలె చాచా."

"నాకంటె తొమ్మిది ఎక్కువనే గద. సదువు."

బడి మానేసినందుకు ఊరంతా నన్ను తిట్టింది. ఆ చదువుతో పని పెట్టుకున్నది ఆయన ఒక్కడే.

నేను ఒక్కచోట నిలిచే రకం కాదు. ఈ నెల ఒక లారీ, వచ్చే నెల ఒక గ్యారేజీ. మూడేళ్ల కిందట ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం చాచా పని మీద రాజోలిలో ఉండి ఫోన్ చేశాడు.

"మా ఇంటి మీద మూల సంచి తాడు తెగింది బేటా. మబ్బు పడ్తుంది. ఇసుక నింపి పైన పెట్టు. ముడి నేనొచ్చి ఏస్త."

అప్పటికే స్నేహితుడు బండి స్టార్ట్ చేసి వీధి చివర నిలబడ్డాడు. పక్క ఊళ్లో మ్యాచ్ ఉంది. ఇసుక కోసం ఏటి దాకా ఎవడు పోతాడు? చాచీ కూడా ఇంట్లో లేదు. గోడ వెనక ఉన్న రాయి ఎత్తి రేకు మూలన పెట్టి దిగాను. ఐదు నిమిషాల పని.

దుమారం లేచేసరికి మ్యాచ్ ఆగిపోయింది. నేను తిరిగొచ్చిన సమయానికే చాచా సైకిల్ దిగి తన గుమ్మం దగ్గరికి నడుస్తున్నాడు. రేకు ఒక్కసారి లేచి పడింది. రాయి జారింది. ఆయన కాలు మీద పడింది.

జనం పోగయ్యారు. "ఎవడు పెట్టిండు ఈ రాయి?" అని చాచీ ఏడుస్తూ అరిచింది. చాచా రాయిని చూశాడు, నన్ను చూశాడు. నా చేతులకు ఇంకా దాని మట్టి ఉంది.

"నేనే పెట్టిన" అన్నాడు. "పొద్దున తొందరల పెట్టిన."

ఆ కాలు మళ్లీ సరిగా రాలేదు. రేకుల మీద ఎక్కే పని తగ్గింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి. ఆయన ఎవరింటి ముందు ఆగి రాళ్లు దించమన్నా, "ముందు నీ ఇంటిది సూసుకో మేస్త్రీ" అని నవ్వేవాళ్లు. ఆయనా నవ్వి కుంటుకుంటూ వెళ్లిపోయేవాడు. రాళ్లు అలాగే ఉండేవి.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, నా పేరు ఎందుకు చెప్పలేదని. ఆయన సంచిలో ఇసుక పోస్తున్నాడు.

"నువ్వు ముందే ఇంట్ల నిలుస్తలేవు. ఇది గూడ బయటపడితె మీ అమ్మకు అస్సలు దక్కవు" అన్నాడు. "సంచి సరిగ పట్టు, ఇసుక కింద పోతుంది."

ఆ రాయిని ఆయన పారేయలేదు. గుమ్మం పక్కన వేసుకుని, దాని మీద కూర్చుని చెప్పులు తొడుక్కునేవాడు. నేను ఊరికి వచ్చినప్పుడల్లా అటు చూడకుండా పోయేవాణ్ని.

మొన్న బీచుపల్లి వంతెన దాటేటప్పుడే గాలి బండిని పక్కకు నెడుతోంది. ఊరు చేరేసరికి తుంపర మొదలైంది. సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత మట్టి చేశారు. నేనూ మూడు పిడికిళ్ల మన్ను వేశాను. తిరిగొస్తూ అందరం హోటల్ రేకుల కింద నిలబడ్డాం. హోటలాయన చాయ్ పోస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

"మంచి మనిషి. ఒక్క రాయి కాడనే తప్పు చేసిండు, పాపం."

వెక్కిరింపు కాదు, ప్రేమగానే అన్నాడు. తల పైకెత్తి చూస్తే హోటల్ కప్పు అంచున పుచ్చకాయంత రాళ్లు ఐదారు. కింద మేం పదిమందిమి. గాలికి రేకు టకటకా కొట్టుకుంటోంది.

"ఆయన పెట్టలె" అన్నాను. "నేను పెట్టిన. ఇసుక తేనీకె బద్ధకమై పెట్టిన. ఆయన నా మీదికి రానియ్యకుండ తన మీద ఏసుకున్నడు."

 హోటలాయన గ్లాసు కింద పెట్టాడు. మెల్లగా పైకి చూశాడు.

"మూడేండ్లు నవ్వితిమి గదరా ఆయన్ని" అన్నాడు. తర్వాత లోపలికి కేకేశాడు, "నిచ్చెన తేండ్రి!"

ఆ మాట వేరే ఎవరి నోటనో చేరకముందే నేనే చెప్పాలని చాచీ దగ్గరికి పరుగెత్తాను. గడప అవతల నుంచే అంతా చెప్పాను. చాచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ రాయికి నేను గూడ ఆయన్నే తిట్టిన బేటా. రోజూ తిట్టిన."

నన్ను పొమ్మంటుందని అనుకున్నాను. బయట రేకు చప్పుడైంది. చాచీ పైకి చూసింది.

"సంచులు ఎట్లున్నయో సూడు పో" అంది.

ఎక్కి చూశాను. దవాఖానకు పోయే ముందు, ఆయాసంతోనే ఆయన ఒక్క సంచి మార్చినట్టున్నాడు. మూలది. తాడు కొత్తది, ముడి ఆయనదే. మిగతా తాళ్లన్నీ బిగించాను. దాని ముడి మాత్రం ముట్టుకోలేదు, అవసరం లేదు.

దిగి చూస్తే వీధంతా నిచ్చెనలు; చీకటి పడేదాకా అందరం రాళ్లు దించి ఇసుక సంచులు కట్టాం. రాత్రంతా వాన, గాలి. మా వీధిలో ఒక్క రేకు లేవలేదు. తెల్లారి బయటికొస్తే, దించిన రాళ్లు గోడల వెంట వరసగా తడిసి ఉన్నాయి. చాచా గుమ్మం పక్కన ఆయన రాయి ఖాళీగా ఉంది. పైన మూల సంచిలో నానిన ఇసుక నుంచి ఒక్కో చుక్క దాని మీద పడుతోంది.