రిబ్బను కట్టిన పుస్తకం

2022 ఆగస్టు. స్వాతంత్ర్యం వచ్చి డెబ్భై ఐదేళ్లు నిండుతున్న నెల. అప్పుడు నేను చోడవరంలో ఒక చిన్న లైబ్రరీకి లైబ్రేరియన్‌ని. ఆ ఏప్రిల్‌లోనే మా ఊరు విశాఖపట్నం జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది. గోడ మీద బోర్డు కూడా మారింది. వానొస్తే కారే స్లాబు మాత్రం మారలేదు.

మా పనిలో ఒక అలవాటుంది. గుమ్మం పక్కన నల్లబల్ల మీద రోజూ పొద్దున్నే, చరిత్రలో ఆ రోజు ఏం జరిగిందో రాస్తాము. దాని కింద, ఆ సంగతి తెలుసుకోవడానికి మా దగ్గరున్న పుస్తకాల పేర్లు నాలుగు రాస్తాము. ఎవరూ చూడరనుకుంటారు గానీ చూస్తారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు. మాడుగుల బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఊసుపోక చదువుతారు.

ఆ నెల మొదట్లో నేను రాసిన పేర్లలో ఒక పాత సంకలనం ఉంది. స్వాతంత్ర్య పోరాటంలో మన జిల్లా నుంచి జైలుకెళ్లినవాళ్ల పేర్లు, ఊళ్లు, ఎన్ని నెలలు లోపలున్నారో అన్నీ అందులో ఉంటాయి. అది రిఫరెన్స్ కాపీ, అంటే ఇంటికివ్వము, అక్కడే కూర్చుని చూసుకోవాలి. ఉన్నది ఒక్కటే. ‘మీ ఊరివాళ్లు ఉన్నారేమో వచ్చి చూడండి’ అని సుద్దముక్కతో నేనే రాశాను. నా చేతి రాతే అది.

ఆ వారంలోనే పై ఆఫీసు నుంచి సార్ ఫోన్ చేశారు.

“మేడమ్, పుస్తక ప్రదర్శన పెట్టండి. సోమవారం మన లీడరు పెద్దాయన ముఖ్య అతిథిగా వచ్చి రిబ్బన్ కట్ చేస్తారు. అంతవరకూ ఒక్క పుస్తకం కదలకూడదు. పొద్దున్నొక ఫొటో, సాయంత్రమొక ఫొటో గ్రూపులో పెట్టండి.”

“రీడర్లెవరైనా అడిగితే సర్?”

“ఒక్క రోజు ఆగలేరా?”

ఆదివారం సాయంత్రం రెండు బల్లలు కలిపి, తెల్ల దుప్పటి పరిచి, నలభై పుస్తకాలు నిలబెట్టి, చుట్టూ మూడు రంగుల రిబ్బను కట్టాను. సంకలనాన్ని అందరికీ కనబడేలా మధ్యలో పెట్టాను. చాలా బాగుందని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా.

సోమవారం పెద్దాయన రాలేదు. పైడితల్లమ్మ వచ్చింది.

చీడికాడ వైపు ఒక ఊరు ఆమెది. అరవై ఐదు దాటి ఉంటాయి. మనవరాలు చోడవరంలో డిగ్రీ చదువుతోంది. ఆ పిల్లే మా నల్లబల్ల చూసి వెళ్లి ఈమెకు చెప్పిందట.

“మా అయ్య అప్పలస్వామి జైలుకెల్లేడమ్మా, నలభై రెండులో. మా పంచాయితీకాడ రాయి పెడతన్నారు. ఊర్లో జైలుకెల్లినోల్ల పేర్లు దాని మీద సెక్కుతారట. ఆరు పేర్లు రాసేరు. మా అయ్యది లేదు. ఏటి బాబూ అనడిగితే, కాయితం సూపించమంటన్నాడు సెక్రట్రీ బాబు. మీ పుస్తకంలో ఉంటాదని మా గుంట సెప్పింది.”

“ఎప్పటిలోగా చూపించాలమ్మా?”

“లచ్చివారం సాయంత్రంలోగా. శుక్రవారం రాయి సెక్కేస్తారట.”

లచ్చివారం అంటే గురువారం. ఇంకా టైముంది కదా అనుకున్నాను. ప్రారంభోత్సవం కాలేదని, రేపు మొహర్రం సెలవు కాబట్టి బుధవారం రమ్మని చెప్పాను. ఆమె బల్ల వైపు ఒకసారి చూసింది. పుస్తకం ఆమెకు మూడడుగుల దూరంలో ఉంది. సరేనమ్మా అని వెళ్లిపోయింది.

బుధవారం మొదటి బస్సుకే వచ్చింది. ఆ రోజూ పెద్దాయన రాలేదు. ఈసారి ఆమె ఊరుకోలేదు.

“రిబ్బను ఇప్పొద్దులేమ్మా. పైనుంచి సెయ్యెట్టి తీసి, సూసి, మల్లీ అక్కడే ఎట్టీ. ఎవులు సూస్తారు?”

ఆ ముక్కలో తప్పేముంది? ఏమీ లేదు. అయినా నేను సార్‌కి ఫోన్ చేశాను. ఒక్క పేజీ జిరాక్స్ తీసి మళ్లీ అక్కడే పెట్టేస్తానని బతిమాలాను.

“ఒకరికిస్తే పదిమంది అడుగుతారు మేడమ్,” అన్నారాయన.

పదిమంది వచ్చి అడగడానికే కదా లైబ్రరీ పెట్టింది! ఆ మాట నా నోటిదాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం “అలాగే సర్” అన్న మాట. ఎందుకంటే నేను పెట్టుకున్న ట్రాన్స్‌ఫర్ కాగితం అప్పుడు ఆయన బల్ల మీద ఉంది. దాచుకోవడమెందుకు, అసలు సంగతి అదే.

గురువారం ఆమె పొద్దున్నుంచీ కిటికీ పక్క బెంచీ మీదే కూర్చుంది. నాలుగింటికి పెద్దాయన బయల్దేరారని ఫోనొచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. ఐదున్నరకు ఇంకో ఫోను, వేరే మీటింగు తగిలిందట, శనివారం వస్తారట. ఆమెకు ఎలా చెప్పాలో తెలియక నేను పేపర్లు సర్దుతూ నిలబడ్డాను. ఆమెకు అర్థమైపోయింది.

“ఎల్లొస్తానమ్మా. ఆకరి బస్సు ఎలిపోద్ది.”

ఆమె వెళ్లాక సాయంత్రం ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. మూడు బొటనవేళ్లొచ్చాయి.

శుక్రవారం మా లైబ్రరీకి సెలవు. శనివారం పెద్దాయన వచ్చారు. కత్తెర పళ్లెంలో పెట్టి నేనే అందించాను. రిబ్బను కోసి, మైకు పట్టుకుని, చరిత్రకెక్కని వీరులు మన పల్లెల్లో ఎందరో ఉన్నారని, వాళ్ల పేర్లు వెలికి తీయడం మనందరి బాధ్యతని అన్నారు. చప్పట్లు కొట్టారు. నలభై పుస్తకాల్లో ఒక్కదాని అట్టయినా ఆయన గానీ, సార్ గానీ తెరవలేదు. టీ తాగి, ఫొటోలు దిగి, వచ్చిన కార్లలోనే వెళ్లిపోయారు.

వాళ్లటు వెళ్లగానే నేను సంకలనం తెరిచాను. ఊళ్ల పేర్లు అక్షర క్రమంలోనే ఉన్నాయి. ఆ ఊరు, అప్పలస్వామి, ఆరు నెలలు. వెతకడానికి నాకు ఒక్క నిమిషం పట్టలేదు. ఆ ఒక్క నిమిషం పని కోసం ఒక ముసలామెను కాళ్లరిగేలా తిప్పాను. వాళ్లందరి మీదా ఎంత మండిందో, నా మీద నాకు అంతకు రెట్టింపు మండింది.

ఆదివారం సెలవు పెట్టి, జిరాక్స్ పట్టుకుని ఆ ఊరు వెళ్లాను. పంచాయతీ సెక్రటరీ కుర్రవాడే, మర్యాదగానే మాట్లాడాడు.

“లచ్చివారం రాత్రి దాకా సూసేనండి. సెక్కేసేరు. రేపే ఆవిష్కరణ.”

“కింద ఖాళీ ఉంది కదండీ, ఒక్క పేరే కదా?”

“మల్లీ తీర్మానం రాయాలండి. తరవాత సూద్దాం.”

ఆ తరవాత ఎప్పుడొస్తుందో ఇద్దరికీ తెలుసు.

పైడితల్లమ్మ ఇంటి ముందు చాపలో మినుములు ఎండబోస్తోంది. నన్ను చూసి లేచి, పీట వేసి, మంచినీళ్లిచ్చింది. నేను జిరాక్స్ ముందుకు చాపి, ఇదిగోనమ్మా మీ నాన్నగారి పేరు అన్నాను. ఆమె దాన్ని చూడలేదు, నా మొహం చూసింది.

“మా అయ్య లోపలున్నపుడు మా నాయనమ్మ జైలు గేటుకాడికి ఎల్లీదట. కొడుకు లోపలున్నాడని తెలుసు. సూడనిచ్చీవోరు కాదట. మల్లీ రా అనీవోరట. అలా ఎన్నిసార్లు తిరిగిందో. నానూ అలాగే తిరిగేను గదమ్మా. ఆ గేటు దొరలది. ఇది మనదే గదేటి?”

సారీ అన్నాను. అంత చవకబారు మాట నేను ఇంకెప్పుడూ అనలేదు. జిరాక్స్ మాత్రం ఆమె తీసుకుంది, మనవరాలికి చూపిస్తానంది.

ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఎన్నో మంచి పనులు చేశాననుకుంటాను గానీ, పని నేర్పింది మాత్రం ఇదే. ఫలానా పుస్తకం చూడండి అని నల్లబల్ల మీద రాశామంటే ఆ రాసినవాళ్లు మాటిచ్చినట్టే. వచ్చినవాళ్ల చేతిలో ఆ పుస్తకం పెట్టాలి. పెట్టలేనప్పుడు సుద్దముక్క ముట్టుకోకూడదు. ఆ తరవాత ఏ వార్షికోత్సవానికీ నేను రిబ్బను కట్టలేదు. బల్ల మీద పుస్తకాలు పరిచి తలుపులు తీసేసేదాన్ని. ఒకసారి సార్ వచ్చి సగం బల్ల ఖాళీగా ఉందేమిటని కేకలేశారు. చదువుతున్నారు సర్ అన్నాను. మెమో ఇచ్చారు. ట్రాన్స్‌ఫర్ కూడా రాలేదు. వచ్చినా వెళ్లేదాన్ని కాదని గొప్పలు చెప్పను, వెళ్లేదాన్నే.

మొన్న ఆ దారిన వెళ్తూ బస్సులోంచి చూశాను. ఆ రాయి మీద ఇప్పటికీ ఆరు పేర్లే ఉన్నాయి. ఏడో పేరు ఎవరివల్ల పోయిందని ఎవరైనా అడిగితే పెద్దాయన్ని, సార్‌ని, సెక్రటరీని వరసపెట్టి తిట్టగలను. తిట్టడం అయ్యాక, చివరికి నా పేరే చెప్పాలి.