మామిడి నీడన పిప్పలి తీగ

మొన్న హనుమకొండలో మా కోడలితో కలిసి నర్సరీకి వెళ్లి, ఎండ తగలని పెరటికి ఏం వేస్తే బాగుంటుందని అడిగితే, అక్కడ పనిచేసే అమ్మాయి చిన్న చిన్న తమలపాకుల్లాంటి ఆకులున్న కుండీ ఒకటి తెచ్చి, "పిప్పలమ్మా, నీడలనే మంచిగ పాకుతది" అన్నది. ఆ ఆకులు చూడగానే మా అత్తమ్మ నా కళ్లముందు నిలిచింది.

నేను హసన్‌పర్తి దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చిన మరుసటి ఏడు, తొలికాన్పులో బిడ్డ దక్కలేదు. వచ్చిన చుట్టాలంతా దేవుడు మళ్లీ ఇస్తాడని ఓదార్చేవారు, ఆ మాట వినలేక నేను ఎవరితోనూ మాట్లాడడం మానేసి, తిండి కూడా సరిగా తినక, గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. అత్తమ్మ అసలే తక్కువ మాట్లాడే మనిషి, ఆమె అంటే నాకు భయం కూడా. ఆమె ఒక్కతే ఆ మాట అనలేదు. తొలకరి పడ్డాక మాత్రం, మరిపెడ దగ్గరి తన తల్లిగారింటి నుంచి పిప్పలి తీగ ముక్కలు తడి గోనెలో చుట్టి తెచ్చి, నా మంచం పక్కన నిలబడింది.

"నా మోకాళ్లు వంగుతలేవు బిడ్డా, జర వచ్చి నాటిపెడ్తవా?"

కాదనలేక లేచాను. మా మామిడితోటలో చెట్ల నీడకు గడ్డి కూడా మొలిచేది కాదు, ప్రతి వానకూ మట్టి కొట్టుకుపోయి వేళ్లు తేలిపోయేవి. కణుపు మట్టిలోకి వెళ్లేలా ఒక్కో ముక్కా పెట్టి నేను అదుముతుంటే, ఆమె పక్కనే మొద్దు మీద కూర్చుని అందించేది. అలా కొన్నాళ్లు గడిచాక, ఒక సాయంత్రం చేతిలోని తీగ నాకివ్వకుండా పట్టుకుని, "నాకు గూడ ఒకడు పోయిండు బిడ్డా, నీ మొగనికంటె ముందు. పేరు గూడ పెట్టుకోలె" అన్నది. ఆమె ఒళ్లో తలపెట్టి, కాన్పు తర్వాత మొదటిసారి గొంతెత్తి ఏడ్చాను. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

తర్వాత వరినాట్లు మొదలైతే, మోకాళ్లు వంగవన్న ఆ మనిషే పొద్దంతా నడుం వంచి అందరికంటే ముందు నాటుతూ కనిపించింది! నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, నేనూ నవ్వాను.

మరుసటి వానాకాలానికి తీగ కణుపుకణుపునా వేళ్లూని చెట్లకింది నేలంతా కప్పేసింది, మట్టి కదలలేదు. ఆ తర్వాత పుట్టిన నా ఇద్దరు పిల్లలకు దగ్గు వస్తే ఆ తీగకు కాసిన పిప్పళ్లే ఎండబెట్టి, దంచి, తేనెలో కలిపి నాకించేది ఆమె.

ఇప్పుడు ఇంట్లో ఆడపిల్లకు అలాంటి కష్టం వస్తే మంచి దవాఖానలున్నాయి, ధైర్యం చెప్పే డాక్టరమ్మలున్నారు, అందుకు నాకు సంతోషమే. ఓదార్పులు కూడా ఫోన్లో క్షణాల మీద వచ్చిపడతాయి. రోజుల తరబడి పక్కన కూర్చునే తీరిక మాత్రం ఎవరికీ లేదు, నాకూ లేదు. ఆమెకు మాత్రం ఎక్కడిది? దుక్కులు నడుస్తున్న రోజులవి. అంత పని వదిలేసి, నా దగ్గర కూర్చుంది.