సందెవెలుగులో గురిచుక్క

వెర్లిన్ స్కార్‌కి యాభై ఎనిమిదేళ్లు. విస్కాన్సిన్ ఉత్తరాన మా కౌంటీ రోడ్ల షెడ్డులో ఇరవై రెండేళ్లుగా నాతోపాటే మంచు తోసే లారీ నడుపుతున్నాడు. మార్చిలో అతని భార్య మౌరీన్ పోయింది. మూడు రోజులు సెలవు పెట్టి నాలుగోనాడు పనిలోకి వచ్చాడు. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే, టైమెంతయిందో చెప్పినట్టు, "బాగానే ఉన్నా" అనేవాడు.

అక్టోబరులో ఎప్పటిలాగే విల్లు పట్టుకుని అడవికి పోయాడు. పోవాలనిపించి కాదు, పోకపోతే శనివారం ఏం చెయ్యాలో తెలియక. బామ్మర్ది డ్వేన్ కుబియాక్ మొక్కజొన్న చేను వెనకాల ఓక్ చెట్టు మీద వాళ్ల మంచె ఉంది. అక్కడ జింకలు బయటికొచ్చేది పొద్దు గుంకే వేళకే. చట్టప్రకారం వేట ఆపడానికి ఇక పావుగంటే మిగిలి ఉంటుంది. ఆ పావుగంటలోనే వెర్లిన్‌కి గురి కనబడటం మానేసింది. విల్లుకి బిగించిన సైట్‌లో, అంటే గురిచూసే చట్రంలో, ఐదు రంగుచుక్కలుంటాయి, ఒక్కోటి ఒక్కో దూరానికి. నారిలో ఇరికించిన చిన్న బిళ్ల చిల్లులోంచి చూసి, చుక్కని జింక మీద నిలపాలి. అతనికి చిల్లులోంచి నలుపు తప్ప ఏమీ కనబడలేదు.

కళ్లు పోతున్నాయనుకున్నాడు. సైట్‌కి తగిలించే చిన్న బ్యాటరీ దీపం కొన్నాడు. తర్వాతి శనివారం మంచె మీద దాన్ని చివరికంటా తిప్పాడు. ఎర్రచుక్క నిప్పుకణికలా మండింది. జింక వచ్చింది. ఆ మంట వెనక దాని భుజం ఎక్కడుందో తెలియలేదు. అయినా బాణం వదిలేశాడు.

మర్నాడు తెల్లవారుతూనే డ్వేన్, అతనూ వెతికారు. ఎండుటాకుల మీద నెత్తురుంది, అందులో పచ్చగా నమిలిన మేత కలిసి ఉంది. బాణం పొట్టలో దిగిందన్నమాట. జాడ చిత్తడి నేల దాకా పోయి ఆగిపోయింది. మధ్యాహ్నం దాకా మోకాలి లోతు నీళ్లలో తిరిగారు. దొరకలేదు.

"కనబడనప్పుడు ఎందుకు వదిలావు బావా?" అన్నాడు డ్వేన్.

"కనబడిందనుకున్నా."

"పాపం, ఎక్కడో పడి కొట్టుకుంటూ ఉంటుంది. నీకు బాధగా లేదూ?"

"లేదు."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక వెర్లిన్ అక్కడే నిలబడిపోయాడట. పదేళ్ల కిందట ఇలాగే ఒక జింకని పోగొట్టుకుని వారం రోజులు అన్నం సరిగా తినని మనిషి.

సోమవారం పని దిగాక విల్లు తీసుకుని గెయిల్ ట్రస్కా కొట్టుకి వెళ్లాడు. విల్లులు బాగుచెయ్యడంలో గెయిల్‌ని మించినవాళ్లు మా చుట్టుపక్కల లేరు. బళ్లో అతని కంటే ఒక క్లాసు పైన చదివింది.

"ఇంతకంటే ఎక్కువ వెలుగిచ్చే దీపం ఉందా?" అనడిగాడు.

"మగాళ్లందరిదీ ఒకటే పాట! చీకటి పడితే హెడ్‌లైట్ వేసెయ్యడమే. నువ్వు జింకని కొడుతున్నావా, రైలుకి దారి చూపిస్తున్నావా?"

అతను నవ్వలేదు. ఆమె అతన్ని వెనక గదిలోకి తీసుకెళ్లి లైట్లు ఆర్పేసింది. గది చివర బాణాలెయ్యడానికి పెట్టిన ఫోమ్ జింకబొమ్మ, దాని పక్కన సన్నటి దీపం ఒకటే మిగిలాయి.

"నారి లాగి పట్టుకో. వదలకు. ఏం కనబడుతోంది?"

"ఏమీ లేదు."

"ఇప్పుడు చిల్లు పక్కనించి, ఉత్తి కంటితో చూడు."

"జింక కనబడుతోంది. చెవులు కూడా."

"మరి కళ్లకేం రోగం? చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది. ఈ చిల్లేమో చీమ దూరేంత. వెలుగంతా ఇక్కడే ఆగిపోతోంది."

ఆమె నారిలోని బిళ్ల తీసేసి పెద్ద చిల్లున్నది పెట్టింది. సైట్ చుట్టూ ఉన్న గుండ్రటి అంచు ఆ చిల్లులో నిండుగా కూర్చునేలా సరిచూసింది. గురి వెంట్రుకవాసి తగ్గినా ఇరవై గజాలకి పరవాలేదంది. ఐదు చుక్కల్లో మూడు పీకేసింది. ఎరుపు సందెవేళకి అన్ని రంగులకంటే ముందు చస్తుందని చెప్పి, పచ్చవి రెండే ఉంచింది. దీపాన్ని మినుకుమినుకుమనేంతకి తగ్గించింది.

"చుక్క కనబడితే చాలదు. చుక్క వెనకున్నది కనబడాలి. తెలిసిందా?"

"తెలిసింది." విల్లు చేతికి తీసుకున్నాడు. "గెయిల్, ఆ జింక పోతే నాకేమీ అనిపించలేదు. మౌరీన్ పోయినప్పుడూ అంతే. పంటికి మత్తుసూది వేసినట్టుంది. నొక్కితే తెలుస్తుంది, నొప్పుండదు."

గెయిల్ చేతిలోని చిన్న స్పానర్ బల్ల మీద పెట్టింది. "దానికి నా దగ్గర సామాను లేదురా," అంది. "రెండు వారాలు రోజూ వచ్చి ఈ చీకట్లో ఇరవై బాణాలెయ్యి. ఆ తర్వాతే మంచె ఎక్కు."

అతను రోజూ వెళ్లాడు.

నవంబరు మొదటి వారంలో ఒక సాయంత్రం చేను అంచున ఆడజింక నిలబడింది. పద్దెనిమిది గజాలు. పచ్చచుక్క, దాని చుట్టూ బూడిదరంగు వెంట్రుకలు, మెడ కింద ముడత, అన్నీ విడివిడిగా కనబడ్డాయి. బాణం వదిలాడు. జింక అరవై అడుగులు పరిగెత్తి పడిపోయింది.

జింక పడ్డాక ప్రతి ఏడూ అతనికి చేతులు వణికేవి, అరగంట దాకా మంచె దిగలేకపోయేవాడు. ఈసారి చేతులు చూసుకున్నాడు. వణకలేదు. దిగి డ్వేన్‌కి ఫోన్ చేశాడు.

"పడింది."

"ఎలా తగిలింది బావా?"

"సరిగ్గా."

డ్వేన్ వచ్చి, తాడు కట్టడానికి వంగి, ఉన్నట్టుండి ఏడవడం మొదలుపెట్టాడు. "మా అక్కయితే ఈపాటికి పెనం పొయ్యి మీద పెట్టి ఉండేది," అన్నాడు. వెర్లిన్ జింక వెనక కాలు పట్టుకుని, అతని ఏడుపు అయ్యేదాకా ఆగాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి లాక్కెళ్లారు.

సగం మాంసం డ్వేన్‌కి పోయింది. గెయిల్‌కి సాసేజ్‌లు పంపాడు. చలికాలమంతా మాతోపాటు లారీ నడిపాడు, ఒక్క రోజు మానలేదు. ఏప్రిల్‌లో, లారీలకి ముందు బిగించిన మంచు తోసే రేకులు ఇద్దరం విప్పుతున్నప్పుడు అడిగాను.

"ఏమైనా తేడా ఉందా వెర్లిన్?"

కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"ఇంకా లేదు," అని, తర్వాతి బోల్టుకి రెంచి తగిలించాడు.