చుట్టాల క్యాను

ఇవాళ పొద్దున నీళ్ళ క్యాను వంచితే గుడగుడమని రెండు గుక్కలు కక్కి ఊరుకుంది. నోట్లో బ్రష్షు పెట్టుకుని నిలబడ్డ నాకు ఆ చప్పుడు వినగానే, ఎప్పట్లాగే, ఆ డాక్టరు పిల్ల గుర్తొచ్చింది. నిజానికి అప్పటికి డాక్టరు కాదు, డాక్టరీ చదువుతోంది. ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసి ఆత్మకూరు బస్టాండు పక్కన పంక్చర్లు వేసుకుంటున్న నన్ను, చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాక దత్తత తీసుకున్న మనిషి ఆమె. ఎగతాళి కాదు, వాళ్ళ కాలేజీలో పద్ధతే అంత. చదువుకునే పిల్లలకి పల్లెల్లో తలా కొన్ని కుటుంబాలు అప్పగిస్తారు. ఆ ఇళ్ళకు వచ్చి, మాట్లాడి, బాగోగులు కనుక్కుని, వెనక్కి పోయాక ఏం చూశారో, చూసి తమకేమనిపించిందో రాసి వాళ్ళ సారుకి ఇవ్వాలి. దాన్నే దత్తత అంటారట. ఆ మాట చెప్పగానే, "అట్టయితే ఆస్తేమన్నా రాసిస్తావా తల్లీ?" అని అడిగాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, కుడిచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని.

ఆ చెయ్యి సంగతి ముందు చెప్పాలి. మా ఊరు ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి నడిస్తే వస్తుంది. మా బోరు నీళ్ళు అద్దంలా ఉంటాయి, చల్లగా గొంతు దిగుతాయి, కానీ వాటి నిండా ఫ్లోరైడు. అవి తాగి పెరిగిన వాళ్ళ పళ్ళ మీద తుప్పు పట్టిన రేకులా గారలు తేలుతాయి. వయసు మళ్ళే వేళకి ఒళ్ళు కొయ్యబారిపోతుంది. మా అమ్మ పక్కకి చూడాలంటే, సందులో ఎద్దులబండిని మళ్ళించినట్టు, మనిషి మనిషంతా తిరగాలి. ఈ సంగతి ఊళ్ళో తెలియనివాడు లేడు, బయట చెప్పేవాడూ లేడు. చెబితే ఆ ఊరికి పిల్లనెవరిస్తారు, ఆ ఊరి పిల్లనెవరు చేసుకుంటారు? అందుకని బయటి మనుషులు వస్తున్నారంటే చాలు, ప్రతి ఇంట్లోనూ ఒక క్యాను నీళ్ళు తెప్పించి, స్టూలు మీద పెట్టి, పైన స్టీలు గ్లాసు బోర్లిస్తారు. అది చుట్టాల క్యాను. ఇంట్లోవాళ్ళు ముట్టరు. నా పెళ్ళిచూపులకి సంగం పోయినప్పుడు మా అమ్మ ఒకటే బుద్ధి చెప్పింది, నోరు తెరవొద్దని. నా జన్మలో ఒక పూటంతా మాట్లాడకుండా కూర్చున్నది ఆ ఒక్కసారే. "అబ్బాయి ఎంత నెమ్మదస్తుడో, నోట్లో నాలికే లేదు" అని మా అత్తగారు మురిసిపోయింది. ఆ నాలిక ఎట్లాంటి పళ్ళ వెనక దాక్కుని ఉందో పాపం ఆమెకి పెళ్ళిపీటల మీద గానీ తెలియలేదు.

సంగంలో పెన్న నీళ్ళు తాగి పెరిగిన మా ఆవిడ, కాపురానికి వచ్చిన కొత్తలో తనకంటూ ఒక క్యాను తెప్పించుకుంది. బోరు దగ్గర ఆడవాళ్ళు ఊరుకుంటారా? "సంగం దొరసానికి మన నీళ్ళు గొంతు దిగవంటనే!" అని ఒకటే నవ్వు. ఆ క్యాను అయిపోయాక రెండోది రాలేదు. బిందె చంకన పెట్టుకుని ఆమె కూడా బోరుకే పోయింది. పాప పుట్టాకా అంతే. ఊరంతా తాగే నీళ్ళు వీళ్ళ పిల్లకి పనికిరాలేదా అంటారేమోనని మా ఇద్దరికీ బెరుకు. డాక్టరు పిల్ల వచ్చిన ఏడాది మా పాపకి పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయి. రోజూ అద్దం ముందు నిలబడి చిగుళ్ళు సాగదీసి చూసుకునేది. "చూడు నాన్నా" అంటే, నాకు పనుందని లేచిపోయేవాణ్ణి.

మొదటిసారి వచ్చినప్పుడు ఆ పిల్ల కుర్చీ అంచున ఒద్దికగా కూర్చుని, "ఏ నీళ్ళు తాగుతారు అంకుల్?" అని అడిగింది. "కనపడతా ఉండాది గదమ్మా, స్టూలెక్కి కూర్చోనుండాది" అన్నాను. రాసుకుంది. మాటల మధ్య నా చెయ్యి కాస్త జారినట్టుంది, పళ్ళు కంటబడ్డాయి. "పొగాకు నములుతారా?" అంది. "బొడ్డు కోసిన కాణ్ణించి" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. అదీ రాసుకుంది. ఆ తర్వాత పొగాకు వల్ల వచ్చే అనర్థాలన్నీ ఓపిగ్గా చెప్పి, బ్రష్షు ఎట్లా పట్టుకోవాలో వేలితో చూపించింది. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది. అమ్మ మెడ సంగతి అడిగితే, "వయసు గదా" అన్నాం. ఆ పిల్ల బస్సెక్కి పోయాక, పాప స్టూలు మీది గ్లాసు అందుకోబోతే మా ఆవిడ, "దాన్ని తియ్యబాక, రేపెవురన్నా వస్తే?" అని చెయ్యి మీద తట్టింది. పాప గ్లాసు అక్కడే పెట్టేసి బిందెలో ముంచుకుని తాగింది. మంచం మీద నుంచి అమ్మ అంతా చూస్తూనే ఉంది.

కొన్ని వారాలకి ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. తను రాసింది బాగుందని వాళ్ళ సారు అందరి ముందూ చదివించాడట. నాకోసం ఒక కొత్త బ్రష్షు కూడా తెచ్చింది. "ఏం రాసినావమ్మా, మమ్మల్ని తిట్టినావా?" అంటే, ఫోను తీసి తెలుగు చేసి చెప్పింది: ఈ ఇంట్లో శుద్ధమైన నీళ్ళు తాగుతారు, ముసలామెకి వయసు వల్ల వచ్చిన నొప్పులు తప్ప ఇబ్బందేమీ లేదు, యజమాని సరదా మనిషి, పొగాకు మానతానన్నాడు, నా మాట వల్ల ఒక మనిషి మారాడంటే చాలా తృప్తిగా ఉంది. నేను మానతానని ఎప్పుడన్నానో నాకే గుర్తులేదు. మా ఆవిడ నేల చూపులు చూస్తోంది. నాకు మొదట నవ్వొచ్చింది, స్టూలు మీది క్యాను కంటబడి ఆగిపోయింది.

అంతలో మంచం కిర్రుమంది. అమ్మ మొత్తంగా ఇటు తిరిగింది.

"వాడు పొగాకు తినేదేందమ్మణ్ణీ? వాడి జన్మలో ఆకు ముట్టలా. అవి మా బోరు పళ్ళు. నా మెడ గూడా బోరు మెడే. ఆ క్యాను నీకోసరం తెచ్చినారు. నువ్వు అటు పోయినాక నా మనవరాలు గ్లాసు పట్టుకుంటే తాగనీలా!"

"మాయమ్మకి పెద్దతనం గదమ్మా, ఏందేందో..." అని నేను సర్దబోయాను.

"నోరు ముయ్యిరా!" అంది అమ్మ. వెంటనే, "కాదు, తెరువు. తెరిచి ఆ పిల్లకి చూపీ" అంది.

ఆ పిల్ల మొహం కందగడ్డయింది. "తప్పు నాదే అంకుల్. మీరు నవ్విస్తుంటే నవ్వుతూ కూర్చున్నాను. నోరు చూడకుండానే రాసేశాను" అంది. ఆమె మాట అలా ఉంటే, నాకేమో పెదాలు విడిపడవు. పొద్దస్తమానం వాగే నోరు! పెళ్ళయినప్పటి నుంచి మా ఆవిడకి కూడా నేను పూర్తిగా చూపించని పళ్ళు. కళ్ళు మూసుకుని తెరిచాను. ఆ పిల్ల ఫోను లైటు పెదాల మీద పడింది. ఆ పిల్ల వంగి ఒక్కో పన్నూ చూసింది.

తర్వాత అమ్మని గడ్డం రొమ్ముకి ఆనించమంది. ఆనలేదు. తర్వాత పాపని పిలిచింది. పాప గర్వంగా, చెవుల దాకా నోరు తెరిచి నిలబడింది. కొత్తగా వచ్చిన ముందు పళ్ళ మీద సున్నం గీతలు. నేను చూడకుండా తప్పించుకుంటూ వచ్చినవి.

"బాగుండాయా అక్కా?" అంది పాప.

"బాగున్నాయి" అంది ఆ పిల్ల. నా వైపు తిరిగి, "రావాల్సిన పళ్ళు ఇంకా చాలా ఉన్నాయి అంకుల్. లోపల ఇప్పుడే తయారవుతుంటాయి. ఇవాళ్టి నుంచైనా ఆ నీళ్ళు మాన్పించండి" అని, ఇంకో మాట అడిగింది. "నేను చదివింది తప్పని మా సార్‌తో చెప్పి మళ్ళీ రాస్తాను. మీ పేరు రాయను. మీ ఊరి పేరు రాయొచ్చా? రాస్తే నీళ్ళు పరీక్ష చెయ్యడానికి వస్తారు."

ఊరి పేరు. పెళ్ళీడుకొచ్చిన పిల్లలున్న ఇళ్ళన్నీ నా కళ్ళ ముందు కదిలాయి. మా ఆవిడ వైపు చూశాను. ఆమె నా వైపు చూడనే లేదు. లేచి వెళ్ళి, స్టూలు మీద బోర్లించిన గ్లాసు తీసి, క్యాను వంచి నిండా పట్టి పాప చేతికిచ్చింది. పాప తాగకుండా మా మొహాలు చూసింది. "చుట్టాలకియ్యాలా అమ్మా?" అంది.

"రాయమ్మా" అన్నాను డాక్టరు పిల్లతో. ఆ మాట అనేటప్పుడు కూడా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం మాత్రం మరిచిపోలేదు.

పరీక్ష చేసేవాళ్ళు వచ్చారు, సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయారు. ఊరి పరువు తీశానని కొందరు నా ఎదురుగానే అన్నారు. ఒకాయన ఇప్పటికీ టైరు పంక్చరయితే బండి తోసుకుంటూ నా కొట్టు దాటిపోయి ఇంకొకడి దగ్గర వేయించుకుంటాడు. మా ఇంట్లో క్యాను స్టూలు దిగి వంటింటి గట్టెక్కింది. "చప్పగా ఉండాదిరా, ఇవీ ఒక నీళ్ళేనా" అని తిడుతూనే అమ్మ పోయేదాకా అవే తాగింది. మెడ తిరగలేదు, తిరగదని ఆమెకీ తెలుసు. పాప ఇప్పుడు హైస్కూలు. వెనకాల వచ్చిన పళ్ళు మల్లెమొగ్గల్లా వచ్చాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, ఇల్లంతా వినపడేట్టు నవ్వుతుంది, నా మీద జోకులేసి మరీ. ఆ నవ్వులో నా కళ్ళు మాత్రం ముందు పళ్ళ మీది గీతల దగ్గరే ఆగిపోతాయి. కాలమూ మా బోరు నీళ్ళలాంటిదే. తాగినన్నాళ్ళూ చల్లగా దిగిపోతుంది. మరక ఎక్కడ తేలిందో తర్వాతెప్పుడో పిల్ల నవ్వినప్పుడు చూసుకోవాలి.